వెయ్యి గొంతుల మెల్ బ్లాంక్

శుక్రవారం కువైట్‌లో మాకు సెలవు. బట్టలుతుక్కోవడం, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవడం అయ్యాక ఇంటికి ఫోన్ చేసుకుంటాం. మా గదిలో నలుగురం. నలుగురికీ ఊళ్లో పిల్లలున్నారు. మేం వచ్చినప్పుడు మా పాపకు ఏడాది నిండలేదు. దానికి నాన్న అంటే ఫోన్‌లోంచి వచ్చే గొంతే. అందుకే ఫోన్‌లో కుందేలులా, పిల్లిలా, బాతులా మాట్లాడడం నేర్చుకున్నాం. ఆ గొంతులు మా సొంతం కాదు, కార్టూన్లలో విన్నవే. అసలు వాటిని మొదట పలికిన మనిషి ఎవరా అని వెతికితే మెల్ బ్లాంక్ అనే అమెరికా హాస్యనటుడి పేరు దొరికింది. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. అయినా ఆయన కథ చదువుతుంటే మన గల్ఫ్ వాళ్ల కథలాగే చాలాచోట్ల తగిలింది. ఒకచోట మాత్రం గట్టిగా తగిలింది. అది ముందుకు వెళ్లాక చెబుతాం.

మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు వినని తెలుగువాడు ఉండడు. ధ్వన్యనుకరణ సమ్రాట్ అని పిలిచేవాళ్లం. ఉన్న మనుషుల గొంతులను ఆయన అచ్చంగా దించేవారు. మెల్ బ్లాంక్ చేసింది కొంచెం వేరు. లేని ప్రాణులకు గొంతు పుట్టించాడు. కాగితం మీద గీసిన కుందేలు ఎలా మాట్లాడాలో, బాతుకు కోపం వస్తే ఎలా అరవాలో ఆయనే తేల్చాడు. అమెరికాలో ఆయన్ని వెయ్యి గొంతుల మనిషి అనేవారు.

ఇంటిపేరులో ఒక అక్షరం

మెల్ 1908 మే 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. వాళ్లది రష్యా వైపు నుంచి వచ్చిన యూదు కుటుంబం. చిన్నప్పుడే ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు మారారు. అసలు ఇంటిపేరు ఇంగ్లీషులో కె అక్షరంతో ముగిసేది, ఖాళీ అని అర్థం. బడిలో ఒక టీచర్ ఆ పేరును పట్టుకుని, నువ్వూ నీ పేరులాగే ఖాళీగా మిగులుతావన్నట్టు మాట్లాడిందట. ఆ మాట మనసులో పడిపోయి, తర్వాత చివరి అక్షరాన్ని సి చేసుకున్నాడు. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు.

చదువు హైస్కూల్ మధ్యలోనే ఆగిపోయింది. వయోలిన్, ట్యూబా వాయించేవాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు. కానీ అసలు పాఠం వీధిలో నేర్చుకున్నాడు. చుట్టుపక్కల రకరకాల దేశాల నుంచి వచ్చిన జనం ఉండేవారు. ఒక్కొక్కరి ఇంగ్లీషుకు ఒక్కో యాస. పిల్లవాడు ఆ యాసలన్నీ పట్టేసి స్కూల్లో చేసి చూపించేవాడు. మాకు ఇది బాగా అర్థమవుతుంది. మా క్యాంపులో మలయాళీ హిందీ వేరు, బెంగాలీ హిందీ వేరు, నేపాలీ హిందీ వేరు, పఠాన్ హిందీ వేరు. పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్‌లో ఎవరితో ఏ యాసలో చెబితే పని జరుగుతుందో ఏడాది తిరిగేసరికి మాకూ వచ్చేసింది.

1927లో, పందొమ్మిదేళ్లకు, పోర్ట్‌లాండ్ రేడియోలో అడుగుపెట్టాడు. 1933లో ఎస్టెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి కెఇఎక్స్ అనే స్టేషన్‌లో రోజూ ఒక హాస్య కార్యక్రమం నడిపారు. ఇంకొక నటుడిని పెట్టుకోవడానికి స్టేషన్ డబ్బులివ్వలేదు. దాంతో కథలో ఎంతమంది ఉంటే అంతమంది గొంతులూ మొగుడూ పెళ్లాలే పలకాల్సి వచ్చింది. ముఖ్యంగా మెల్. పది మంది పని ఒక్కడి మీద పడితే ఎలా ఉంటుందో మాకు చెప్పక్కర్లేదు. అయితే ఆ రెండేళ్ల చాకిరీయే ఆయన చేతికి పనితనం ఇచ్చింది.

గేటు దగ్గర ఏడాదిన్నర

1935లో భార్యాభర్తలు లాస్ ఏంజెలెస్ వచ్చేశారు. అక్కడ వార్నర్ బ్రదర్స్ కోసం లియాన్ ష్లెసింగర్ అనే నిర్మాత కార్టూన్లు తీయించేవాడు. మెల్ వెళ్లి, ఒకసారి నా గొంతులు వినండి అని అడిగాడు. లోపలికి పంపించాల్సిన మనిషి, మాకు చాలినంతమంది ఉన్నారు పొమ్మన్నాడు. రెండు వారాలాగి మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే మాట. అలా సుమారు ఏడాదిన్నర తిరిగాడని చెబుతారు. వీసా కోసం ఏజెంటు ఆఫీసు మెట్లు ఎక్కి దిగినవాళ్లకు ఆ తిరుగుడు ఎలాంటిదో తెలుసు.

ఒకరోజు ఆ కుర్చీలో ట్రెగ్ బ్రౌన్ అనే ఇంకొకాయన ఉన్నాడు. ఆయన విన్నాడు, నవ్వాడు, డైరెక్టర్లను పిలిచాడు. తాగిన ఎద్దు ఎలా మాట్లాడుతుందో చేసి చూపించమన్నారు. చేశాడు. 1937లో వచ్చిన ఒక పోర్కీ పిగ్ కార్టూన్‌లో ఆ తాగుబోతు ఎద్దే ఆయన మొదటి వేషం.

పోర్కీ అంటే నత్తి పంది. అంతకుముందు ఆ గొంతు ఇచ్చిన నటుడికి నిజంగానే నత్తి ఉండేది. మాట ఎక్కడ ఆగుతుందో ఆయన చేతిలో ఉండదు, రికార్డింగ్‌కు గంటలు పట్టేది. మెల్ ఆ నత్తిని లెక్కగా, తాళంలో పెట్టినట్టు పలికాడు. ఆ ఏడాదే పోర్కీ వేటకు వెళ్లే కార్టూన్ వచ్చింది. అందులో పందీ ఆయనే, దాన్ని ఏడిపించే పిచ్చి బాతూ ఆయనే. ఆ బాతు డాఫీ డక్. 1940లో బూడిద రంగు కుందేలు బగ్స్ బన్నీ వచ్చింది. తర్వాత ట్వీటీ పిట్ట, సిల్వెస్టర్ పిల్లి, ఎర్ర మీసాల యోసెమిటీ శామ్, గొప్పలు చెప్పే కోడిపుంజు ఫాగ్‌హార్న్, ఫ్రెంచి స్కంక్ పెపే, మెక్సికో ఎలుక స్పీడీ. చాలా కార్టూన్లలో తిట్టుకునే ఇద్దరూ ఒక్క మనిషే.

గొంతు వెనక పని

సినిమా డబ్బింగ్‌లో బొమ్మ ముందు, మాట తర్వాత. తెర మీద పెదాలు చూసి మాట సరిపెడతారు. ఆ కార్టూన్లకు పద్ధతి తిరగేసి ఉండేది. ముందు మెల్ మైకు ముందు నిలబడి పలికేవాడు. ఆ మాటలు విని, దానికి తగ్గట్టు బొమ్మలు గీసేవారు. అంటే ఆయన ఎక్కడ ఊపిరి పీలిస్తే కుందేలు అక్కడ ఆగుతుంది. కట్టడానికి ముందు డ్రాయింగ్ ఎలాగో బొమ్మకు ముందు ఆయన గొంతు అలాగ.

డాఫీ, పోర్కీ, ట్వీటీ గొంతులను రికార్డు చేశాక కొంచెం వేగం పెంచేవారు. సిల్వెస్టర్ పిల్లికి అది అక్కర్లేదు. డాఫీ గొంతు వేగం తీసేస్తే ఇంచుమించు సిల్వెస్టరే. అన్నిటికంటే కష్టమైంది యోసెమిటీ శామ్. గొంతు చించుకుని అరవాలి. అది చేసినరోజు గొంతు మండిపోయేదట.

క్యారెట్ సంగతి వింటే నవ్వొస్తుంది. కుందేలు క్యారెట్ కొరికే చప్పుడు కోసం ఇతర కూరగాయలు, పళ్లు కొరికి చూశారు. ఏదీ క్యారెట్‌లా కరకరలాడలేదు. చివరికి నిజం క్యారెట్టే కొరికేవాడు. నమిలి మింగి మళ్లీ మాట్లాడేసరికి ఆలస్యం అవుతోందని పక్కన బుట్ట పెట్టుకుని ఉమ్మేసేవాడు. దాంతో ఆయనకు క్యారెట్ పడదని పుకారు పుట్టింది. అలాంటిదేం లేదని ఆయన చెప్పినా పుకారు మాత్రం పోలేదు.

జీతం అడిగితే పేరిచ్చారు

1940ల మొదట్లో పేరు రాలేదు గానీ పని పెరిగింది. మెల్ వెళ్లి జీతం పెంచమని అడిగాడు. ష్లెసింగర్ చేతికి ఎముకలేని మనిషి కాదు. పెంచనన్నాడు. అయితే నా పేరు తెర మీద వేయండి అని అడిగాడు మెల్. దానికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఒప్పుకున్నాడు. అప్పట్లో కార్టూన్లకు గొంతు ఇచ్చేవారి పేర్లు వేసే అలవాటే లేదు. ఆ ఒక్క పేరు వల్ల రేడియో వాళ్లందరికీ ఈయనెవరో తెలిసింది. అవకాశాలు వాటంతట అవే వచ్చాయి.

ఇందులో ఇంకో ముక్క కూడా చెప్పాలి. అవే కార్టూన్లలో ఎల్మర్ ఫడ్ అనే వేటగాడికి గొంతు ఇచ్చింది ఆర్థర్ బ్రయన్ అనే వేరే నటుడు. జూన్ ఫోరే, బియా బెనడెరెట్ వంటి నటీమణులు ఆడ గొంతులు ఇచ్చారు. చాలా ఏళ్లు వాళ్ల పేర్లు తెర మీద పడలేదు. దాంతో ఎల్మర్ గొంతూ మెల్‌దేనని జనం అనుకునేవారు. మేం కట్టిన బిల్డింగ్ ముందు బోర్డు మీద ఓనరు, కన్సల్టెంటు, కాంట్రాక్టరు పేర్లుంటాయి. మేస్త్రి పేరుండదు, ఐరన్ కట్టినవాడి పేరుండదు. పేరు దక్కిన మెల్‌ను చూసి సంతోషించాం. దక్కనివాళ్లను కూడా తలుచుకున్నాం.

వుడీ వుడ్‌పెకర్ అనే వడ్రంగి పిట్ట నవ్వు కూడా మొదట మెల్‌దే. అది వాల్టర్ లాంజ్ స్టూడియో బొమ్మ. వార్నర్ వాళ్లతో ఒప్పందం కుదిరాక మెల్ అక్కడ మానేశాడు. కానీ రికార్డు చేసిన నవ్వును వాళ్లు వాడుతూనే ఉన్నారు. 1948లో ఆ పిట్ట పాట రికార్డు బాగా అమ్ముడుపోతే ఆయన కోర్టుకెక్కాడు. నవ్వు నీదే గానీ దానికి నువ్వు కాపీరైటు చేయించుకోలేదు కదా అని జడ్జి కొట్టేశాడు. అప్పీలుకు వెళ్లాక లాంజ్ రాజీకి వచ్చి కొంత ఇచ్చాడు. కాగితం చదవకుండా సంతకం పెట్టే మన తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

జాక్ బెన్నీ దగ్గర

ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద హాస్యనటుడు జాక్ బెన్నీ. రేడియోలో పిసినారి వేషానికి పేరు. మెల్ ఆయన దగ్గర చేరినప్పుడు ఇచ్చిన పని ఏమిటంటే, నేలమాళిగలో డబ్బుకు కాపలా ఉండే ఎలుగుబంటిలా గుర్రుమనడం. నెలల తరబడి అంతే. ఆరు నెలలయ్యాక వెళ్లి, అయ్యా నాకు మాటలు కూడా వచ్చు అని చెప్పుకున్నాడట. బెన్నీ పడి పడి నవ్వి, మాటలున్న వేషాలివ్వడం మొదలుపెట్టాడు. వయోలిన్ మాస్టారు, రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్, ముక్తసరిగా జవాబిచ్చే మెక్సికో మనిషి, ఇలా ఎన్నో.

బెన్నీ దగ్గర ఒక పాత మాక్స్‌వెల్ కారు ఉండేది, రేడియో కథలో. ఒకరోజు కారు చప్పుడు రికార్డు సమయానికి మోగలేదు. మెల్ మైకు దగ్గరికి గెంతి, నోటితోనే కారు స్టార్ట్ చేశాడు. దగ్గింది, తుమ్మింది, ఊపిరాడక కొట్టుకుంది, పేలింది. అప్పట్నుంచి ఆ కారు మెల్‌దే అయిపోయింది.

1950లో బెన్నీ టెలివిజన్‌కు వచ్చాడు. గొంతుగానే తెలిసిన మెల్ మొహం అప్పుడు జనానికి తెలిసింది. క్రిస్మస్ ముందు దుకాణంలో వచ్చే హాస్యం ఇప్పటికీ చూస్తారు. బెన్నీ ఒక చిన్న బహుమతి కొంటాడు. మెల్ దాన్ని కాగితంలో చుట్టి కడతాడు. బెన్నీ మళ్లీ వచ్చి, విప్పి మార్చమంటాడు. మళ్లీ కడతాడు. మళ్లీ వస్తాడు. మెల్ ఏడుపు మొహం పెట్టి చివరికి పిచ్చెక్కినట్టు అయిపోతాడు. ప్లాస్టరింగ్ అయిపోయిన గోడను, డ్రాయింగ్ మారిందంటూ మూడుసార్లు పగలగొట్టించినప్పుడు మా మొహాలు కూడా అచ్చం అలాగే ఉన్నాయి.

1946, 47లో ఆయన పేరు మీదే రేడియో కార్యక్రమం వచ్చింది గానీ ఎక్కువ కాలం నిలవలేదు. 1960 నాటికి మాత్రం దశ తిరిగింది. ఆ సెప్టెంబరులో ది ఫ్లింట్‌స్టోన్స్ టీవీలో మొదలైంది. రాతియుగంలో ఉన్నా మన ఇరుగుపొరుగులాగే బతికే రెండు కుటుంబాల కథ. అందులో పక్కింటి బార్నీ గొంతు మెల్‌దే, పెంపుడు డైనోసార్ డైనో అరుపూ మెల్‌దే. అక్టోబరులో బగ్స్ బన్నీ షో కూడా టీవీకి ఎక్కింది. యాభై రెండేళ్ల వయసులో ఇక తిరుగులేదు అనుకున్నాడు.

ఆ మలుపు

1961 జనవరి 24 రాత్రి. లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ బౌలెవార్డ్‌లో ఒక మలుపు ఉంది. దాన్ని అక్కడివాళ్లు చచ్చినవాడి మలుపు అనేవారు. అంతకుముందు రెండేళ్లలో అక్కడ ఇరవైకి పైగా ప్రమాదాలు జరిగాయి. మెల్ కారును ఎదురుగా వచ్చిన ఒక కాలేజీ కుర్రాడి కారు గుద్దేసింది. తల పగిలింది. రెండు కాళ్లూ విరిగాయి, కటి ఎముక విరిగింది. రెండు వారాలు కోమాలో ఉన్నాడు. భార్య, కొడుకు నోయెల్ రోజూ పక్కన కూర్చుని పిలిచినా ఉలుకూ పలుకూ లేదు.

ఒకరోజు డాక్టరు ఆయన్ని మెల్ అని కాకుండా, బగ్స్ బన్నీ అని పిలిచి, ఇవాళ ఎలా ఉన్నావని అడిగాడు. కాసేపటికి ఆ మంచం మీంచి నీరసంగా కుందేలు గొంతు వచ్చింది. ఆ తర్వాత డాక్టరు ఇంకో బొమ్మ పేరుతో పిలిచాడు, ఆ గొంతూ పలికింది. మెల్ కంటే ముందు ఆయన బొమ్మలు మేలుకున్నాయి. దీన్ని ఆ డాక్టరూ, కుటుంబం కూడా తర్వాత చెప్పారు.

ఇక్కడే మాకు గట్టిగా తగిలింది. మా సైట్‌లో ఒకసారి ఒక తమ్ముడు స్కాఫోల్డింగ్ మీంచి పడ్డాడు. మూల దగ్గర మెటీరియల్ ఎక్కించడానికి హ్యాండ్‌రైల్ తీశారు, మళ్లీ పెట్టలేదు. పొద్దున అటు వెళ్లినప్పుడు మేం చూశాం. భోజనాలయ్యాక పెట్టిద్దాంలే అనుకున్నాం. పదకొండున్నరకు పడ్డాడు. తలకు దెబ్బ. ఆసుపత్రిలో కళ్లు మూసుకునే ఉన్నాడు. మీ భాషలో మాట్లాడుతూ ఉండండి అని మలయాళీ నర్సమ్మ చెప్పింది. మాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. పాస్‌పోర్టులో ఉన్న పేరుతో పిలిచాం. తర్వాత క్యాంపులో పిలిచే ముద్దుపేరుతో పిలిచాం. విన్నాడో లేదో చెప్పలేం. బతికాడు. వీల్‌చైర్‌లో ఊరికి వెళ్లాడు. ఇప్పుడు కొంచెం నడుస్తున్నాడు, మాట మెల్లగా వస్తుంది. మమ్మల్ని అన్నా అనే పిలుస్తాడు. అలా పిలిచినప్పుడల్లా ఆ మూల కళ్లముందుకు వస్తుంది.

మెల్ బతికి బయటపడి నగరపాలక సంస్థ మీద 5 లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ మలుపును సరిచేయడానికి నగరం డబ్బు పెట్టింది. ప్రమాదకరమని పేరుతో సహా అందరికీ తెలిసిన మలుపే. ఇరవైమందికి తగిలినా కదలనిది ఈయనకు తగిలాక కదిలింది. మా సైట్‌లోనూ ఆ తమ్ముడు పడ్డ మర్నాడే అన్ని మూలలకూ రైల్స్ బిగించారు. ఆ పనికి పట్టింది ఒక్క పూట.

మంచం మీంచే పని

మార్చిలో మెల్‌ను ఇంటికి తీసుకొచ్చారు. ఒళ్లంతా ప్లాస్టర్. బార్నీ గొంతును కొన్ని భాగాలకు మిత్రుడు డాస్ బట్లర్ ఇచ్చి ఆదుకున్నాడు. తర్వాత రికార్డింగ్ సామాను మెల్ మంచం దగ్గరికే తెచ్చారు. మైకు పైనుంచి వేలాడదీశారు. తోటి నటులు మంచం చుట్టూ చేరారు. కదలలేని మనిషి పడుకునే బార్నీ నవ్వు నవ్వాడు. టీవీలో చూసినవాళ్లకు తేడా తెలియలేదు.

తర్వాత ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు బతికాడు. ది జెట్సన్స్‌లో కోపిష్టి యజమాని స్పేస్‌లీ అయ్యాడు. చక్ జోన్స్ తీసిన టామ్ అండ్ జెర్రీల్లో కొన్ని అరుపులు అరిచాడు. కొడుకుతో కలిసి ప్రకటనల కంపెనీ పెట్టాడు, గొంతులు కూడా కొడుక్కు నేర్పాడు. 1979లో మొదలైన బక్ రోజర్స్ సీరియల్‌లో చిన్న రోబో ట్వికీకి గొంతిచ్చాడు. 1988లో హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్ సినిమాలో బగ్స్, డాఫీ, ట్వీటీ గొంతులు ఆయనవే. యోసెమిటీ శామ్ అరుపు మాత్రం ఎనభై ఏళ్ల గొంతుకు చేతకాక వేరేవాళ్లకు వదిలేశాడు. ఆ ఏడాదే ఆత్మకథ రాశాడు.

ఒక చెడ్డ అలవాటు కూడా చెప్పాలి. చిన్నతనంలోనే సిగరెట్ పట్టాడు. గొంతే అన్నం పెట్టే మనిషి, రోజుకు పెట్టె తాగేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిశాక డెబ్బై ఏడో ఏట మానేశాడు. అప్పటికి ఆలస్యమైంది. 1989 మే నెలలో కొడుకుతో కలిసి ఒక కారు ప్రకటన చేశాడు. దగ్గు చూసి ఇంటివాళ్లు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ మంచం మీంచి పడి తొడ ఎముక విరిగింది. 1989 జులై 10న, 81వ ఏట, కన్నుమూశాడు.

హాలీవుడ్‌లోని శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. కార్టూన్ల చివర పోర్కీ పిగ్ డ్రమ్ము చీల్చుకుని వచ్చి, ఇక అయిపోయిందండీ అని నత్తితో సెలవు తీసుకుంటాడు కదా, ఆ మాటనే తన రాతి మీద చెక్కించమని ముందే రాసిపెట్టాడు. అలాగే చెక్కించారు.

ఈ కథను మా గదిలో వాళ్లకు చెప్పాం. అందరూ క్యారెట్ దగ్గర నవ్వారు, మలుపు దగ్గర మాట్లాడలేదు. ఆ శుక్రవారం ఊళ్లో ఉన్న ఆ తమ్ముడికి ఫోన్ చేసి, చాలా రోజుల తర్వాత క్యాంపు ముద్దుపేరుతో పిలిచాం. కాస్త ఆగి, పాత నవ్వే నవ్వాడు. ఆ హ్యాండ్‌రైల్‌ను పొద్దున మేం చూశామన్న సంగతి అప్పుడే చెప్పాం. ఇన్నాళ్లూ చెప్పలేదు. తెలుసులే అన్నా, మీరు అటు చూడడం నేను పైనుంచి చూశాను అన్నాడు. ఇంకేం అనలేదు, తిన్నారా అని అడిగాడు.

సైట్లలో పనిచేసే అన్నదమ్ములకు ఒక్క మాట. మీ కంటబడిన మూలను భోజనాల దాకా ఆపకండి.